హెర్నియా అని చెప్పొద్దన్నాను

2022 జులైలో ఫుట్‌బాల్ ఆటగాడు సెబాస్టియన్ హాలర్‌కు వృషణంలో కణితి అని తెలిసినప్పుడు దాన్ని నేను ఆట వార్తగానే చదివాను. నేనూ ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే చోట ఆడేవాణ్ని కాబట్టి అతని ఆట ఎప్పట్నుంచో చూస్తున్నాను. ఫ్రాన్స్‌లో పుట్టాడు, తల్లి దేశమైన ఐవరీ కోస్ట్‌కు ఆడతాడు. ఆక్సేర్, ఉట్రెక్ట్, ఫ్రాంక్‌ఫర్ట్, వెస్ట్ హామ్, అయాక్స్... ఎక్కడికి వెళ్లినా మళ్లీ మొదట్నుంచి నిరూపించుకోవాల్సిందే. లండన్‌లో వెస్ట్ హామ్‌కు ఆడినప్పుడు గోల్స్ పెద్దగా రాలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అయాక్స్‌కు వెళ్లాక 2021-22 ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ దశలో ఆరు మ్యాచుల్లోనూ కొట్టాడు, మొత్తం 10 గోల్స్. ఆ ఊపులో జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌లో చేరాడో లేదో, స్విట్జర్లాండ్ క్యాంపులో ఉండగా జబ్బు బయటపడింది.

మరుసటి ఏడు వానాకాలంలో అదే నాకూ వచ్చింది.

నేను అనంతపురంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల పుణ్యమా అని మా జిల్లాలో పల్లెల పిల్లలకూ ఈ ఆట తెలుసు. ఒకరోజు స్నానం చేస్తుంటే ఎడమ వృషణంలో శనగగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. ఆ రాత్రే నా భార్యకు చెప్పాను. ఇంట్లో పెద్దలు వరిబీజం అయ్యుంటుందిలే అన్నారు. సర్జన్ గదిలో లైటు ఆర్పి, టార్చి వేసి చూశారు. వరిబీజంలా నీరుంటే వెలుగు అవతలికి కనిపించాలట. కనిపించలేదు. స్కానింగ్, రక్తపరీక్షలు చేయించారు. అందులో బీటా హెచ్‌సీజీ అనేది గర్భం ఉందా లేదా అని చూసే హార్మోనే, నాకది ఎక్కువగా ఉంది. ఇక్కడ సూది గుచ్చి ముక్క తీయరు, గజ్జ దగ్గర కోసి మొత్తం తీసేసి అప్పుడు పరీక్షకు పంపుతారు. ఇది ఎక్కువగా కుర్రవయసులో వచ్చేదే అనీ, పాకినా చాలామందికి నయమవుతుందనీ డాక్టర్ చెప్పారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంట్లో మాట. "నాయనా, ఊర్లో హెర్నియా అని చెప్తాలే. నీకింకా పిల్లల్లేరు, జనాల నోళ్లు ఊరుకోవు" అంది అమ్మ. ఆమె భయం ఆమెది. ఫోన్లో హాలర్ ఫొటో చూపించాను. అతని జబ్బు పేరు క్లబ్బే వెంటనే చెప్పిందనీ, అదే ఏడాది జర్మనీ లీగ్‌లో బౌమ్‌గార్టల్, రిక్టర్, బోతియస్‌లకూ ఇదే వచ్చిందనీ వివరించాను.

"ఈ పిల్లోడు అందరికీ చెప్పినాడా?"

"చెప్పినాడమ్మా. ఇప్పుడు మళ్లీ ఆడ్తాండాడు కూడా."

పెద్దమ్మ చూడ్డానికి వచ్చినప్పుడు అమ్మే చెప్పింది, కేన్సర్ గడ్డ, తీసేసినారు అని. నాకు ఆ ఒక్క మాటతో సగం బరువు దిగింది.

కీమో బెంగళూరులో. మొదలుపెట్టే ముందే వీర్యం భద్రపరిచారు. ఒక్క వృషణం చాలు గానీ, ఈ మందులు దాన్నీ దెబ్బతీయొచ్చు కాబట్టి ఆ జాగ్రత్త. 21 రోజులకొక సైకిల్ (విడత), మూడు మందులు. వాటిలో బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకు చేటు చేసే అవకాశం ఉంది, ఆటగాడికి అంతకన్నా టెన్షన్ ఏముంటుంది? మెషీన్‌లోకి ఊదమన్నప్పుడల్లా ఫలితం చెప్పేదాకా నాకు ప్రాణం నిలిచేది కాదు. ఇంకో మందు సిస్‌ప్లాటిన్ ఎక్కించే రోజుల్లో కిడ్నీలు పాడవకుండా గంటల తరబడి సెలైన్ పెడతారు. ఒకటే వాంతులు. ఉగ్గాని తాలింపు వాసనకే కడుపు తిప్పేది, సంగటి నోట్లో పెట్టుకుంటే ఇనుము రుచి. జుట్టు పోయింది. తెల్లకణాలు పడిపోయి జ్వరంతో మళ్లీ వార్డులో చేరాను. అక్కడ నా పక్క మంచం కుర్రాడిది కూడా ఇదే జబ్బు, వాళ్ల ఊళ్లో మాత్రం కడుపునొప్పి అని చెప్పారట.

హాలర్‌కు రెండు ఆపరేషన్లు, నాలుగు సైకిళ్ల కీమో అయ్యాయి. 2023 జనవరి 22న సబ్‌స్టిట్యూట్‌గా లీగ్ మ్యాచ్‌లోకి దిగాడు. డార్ట్‌మండ్ తరఫున తొలి గోల్ ఫిబ్రవరి 4న, అదీ ప్రపంచ కేన్సర్ దినాన. కానీ నేను పదేపదే తలచుకున్నది మే నెలలో అతను పోగొట్టిన పెనాల్టీని. లీగ్ చివరి రోజు, మైంజ్ మీద గెలిస్తే డార్ట్‌మండ్‌దే టైటిల్. 2-2తో ఆగిపోయింది, కప్పు బయర్న్‌కు పోయింది. ఆ రోజు అతను రోగి కాడు, పెనాల్టీ మిస్సయిన ఫార్వర్డ్. నేను గ్రౌండ్‌కు తిరిగి వెళ్లినప్పుడు పిల్లలు నా దగ్గర బాల్ లాగడానికే జంకారు, దారి వదిలేశారు. అది నాకు కీమో కన్నా కష్టంగా తోచింది. ఏం జరిగిందో, ఎక్కడ కోశారో కూర్చోబెట్టి చెప్పాను. ఆ తర్వాత ఒక డిఫెండర్ గట్టిగా కాలడ్డం పెట్టి బాల్ లాక్కుపోయాడు. వాణ్ని పిలిచి భుజం తట్టాను.

2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా కప్ ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. నైజీరియా ముందుంది, ఐవరీ కోస్ట్ ఆటగాడు కెస్సీ సమం చేశాడు. 81వ నిమిషంలో ఎడమ నుంచి అదే జట్టు అడింగ్రా క్రాస్, హాలర్ కాలు చాచి తాకించాడు. 2-1. నా అరుపుకు అమ్మ లేచి వచ్చి, "ఆ పిల్లోడేనా?" అంది.

ఇప్పుడు రక్తపరీక్షల్లో కేన్సర్ మార్కర్లు నార్మల్. చెక్‌అప్‌లు ఇంకా ఉన్నాయి, చెవుల్లో గీ మనే శబ్దం పోలేదు, రెండో సగంలో త్వరగా అలిసిపోతాను. హాలర్ 2025 జనవరిలో ఉట్రెక్ట్‌కు తిరిగి వచ్చాడు. వారాంతం అతని జట్టు జాబితా రాగానే అతను మొదటి పదకొండులో ఉన్నాడా, బెంచీలోనా అని చూసుకుంటాను.