పొద్దున్నే మొదలయ్యే డాన్సు: లూసియానా కేజన్ హాళ్ళ దారిలో

శనివారం పొద్దున తొమ్మిది కాకముందే ఫ్రెడ్స్ లాంజ్‌లో నిలబడడానికి చోటు లేదు. అమెరికా దక్షిణాన లూసియానా రాష్ట్రంలో మామూ అనే చిన్న ఊళ్ళో, ఆరో వీధిలో ఉన్న ఇటుకల బారు అది. గది మధ్యలో తాడు కట్టారు. తాడు లోపల బ్యాండు: అకార్డియన్, ఫిడిల్, గిటార్, డ్రమ్స్. బయట మిగిలిన కాస్త జాగాలో జంటలు వాల్ట్జ్ చేస్తున్నాయి. ఇది డాన్స్ హాల్ కాదు, ఆడుతూ దెబ్బలు తగిలితే మాకు సంబంధం లేదు అని గోడ మీద రాసి పెట్టారు. దాని కిందే ఎనభై దాటిన పెద్దాయన ఒకరు, చొక్కా ఇస్త్రీ మడత నలక్కుండా, భార్యను నెమ్మదిగా తిప్పుతున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎన్నేళ్ళ అలవాటో, ఒకరి అడుగు ఒకరు చూసుకోవడం లేదు.

భీమవరం నుంచి మా దగ్గరికి వచ్చిన అమ్మను కూడా హ్యూస్టన్ నుంచి వెంటబెట్టుకొచ్చాం. కాసేపు అలాగే చూసి, "వీళ్ళు టిఫిన్లు చేసి వచ్చారంటావా అమ్మాయ్?" అంది. చాలామంది చేతుల్లో బీరు సీసాలే ఉన్నాయి మరి.

ఫ్రెడ్ టేట్ ఈ బారు కొన్నది 1946లో. శనివారం పొద్దుటి పాటని ఇక్కడి నుంచే రేడియోలో లైవ్‌గా ఇవ్వడం 1960లలో మొదలైంది. పాటకీ పాటకీ మధ్య అనౌన్సర్ ఫ్రెంచిలో కబుర్లు చెప్పి, స్థానిక దుకాణాల ప్రకటనలు చదువుతాడు. ఈ ఫ్రెంచి పాఠ్యపుస్తకాల్లోది కాదు. 1755 నుంచి బ్రిటిష్ వాళ్ళు కెనడా తూర్పు తీరంలోని అకేడియా నుంచి వెళ్ళగొట్టిన జనం, ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఇక్కడి చిత్తడి నేలల్లో, గడ్డి మైదానాల్లో స్థిరపడ్డారు. వాళ్ళ సంతతే కేజన్లు. 1921 రాజ్యాంగం లూసియానా బళ్ళలో ఇంగ్లీషు తప్ప మరో భాషకి చోటు లేకుండా చేసింది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలకి శిక్షలు పడ్డాయి. అలా దెబ్బలు తిన్న తరం తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడింది. ఫ్రెంచి నిలిచింది ఎక్కువగా వంటింట్లోనూ, శనివారం రాత్రి డాన్స్ హాల్లోనూ. అందుకే ఒక హాలు మూతపడిందంటే అక్కడ వ్యాపారం పోయిందని మాత్రమే నేను అనుకోలేను.

అప్పట్లో కుటుంబం మొత్తం హాలుకి వచ్చేది. పసిపిల్లల్ని పక్కగదిలో పడుకోబెట్టి తల్లులు ఆడేవాళ్ళు. పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్న అమ్మలు గోడవారన బెంచీల మీద కూర్చుని ఎవరు ఎవరితో ఆడుతున్నారో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. ఆ రాత్రుల్ని టీవీ కొంత తినేసింది, చమురు ఉద్యోగాలు కుర్రాళ్ళని దూరం పంపాయి, తాగి బండి నడిపితే పడే శిక్షలు కఠినమయ్యాయి. 1990లలో కాసినోలు వచ్చి పెద్దవాళ్ళను కూడా లాగేశాయి. హాళ్ళు ఒకటొకటిగా ఆరిపోయాయి.

మిగిలినవాటిలో చాలా వాటిని నిలబెట్టింది వేళ మార్పే అని నాకు ఈ ప్రయాణంలో గట్టిగా అనిపించింది. పొద్దునైతే డెబ్బై ఏళ్ళవాళ్ళు చీకట్లో డ్రైవ్ చేయక్కర్లేదు, మనలాంటి పైఊరివాళ్ళూ పిల్లలతో రావచ్చు. బ్రో బ్రిడ్జ్‌లో శనివారం జైడెకో (ఇక్కడి నల్లజాతి జనం డాన్సు సంగీతం) బ్రేక్‌ఫాస్ట్‌కి పేరు తెచ్చిన కెఫే దెజ్ అమీ 2017లో మూతపడితే, అదే ఊళ్ళో బక్ అండ్ జానీస్ ఆ పద్ధతిని కొనసాగిస్తోంది. గుడ్లు, ఉడికించిన మొక్కజొన్న రవ్వ తింటూనే లేచి ఆడేస్తారు.

మామూ నుంచి యూనిస్ దగ్గరే. అక్కడ మార్క్ సావోయ్ 1966లో పెట్టిన సంగీత దుకాణంలో శనివారం పొద్దున ఎవరి వాయిద్యం వాళ్ళు తెచ్చుకుని కూర్చుంటారు. ఆయన అకార్డియన్లు చేత్తో తయారుచేస్తారు. మైకులు లేవు. ఒక పన్నెండేళ్ళ పిల్ల ఫిడిల్ పట్టుకుని ముసలాయన మోకాలి దగ్గర కూర్చుంది. ఆయన కమాను ఎటు వెళ్తే ఈమెదీ అటే, ఒక్క క్షణం ఆలస్యంగా. రెండో పాటకి ఆ ఆలస్యం పోయింది. త్రిభుజం ఆకారంలో వంచిన ఇనప కడ్డీ ఒకటి తాళం వేస్తోంది. ఒకప్పుడు వీటిని గడ్డి పోగేసే యంత్రాల పళ్ళతోనే చేసేవారట.

దారి పొడుగునా వరి చేలు. కోత అయ్యాక అదే మడిలో నీళ్ళు పెట్టి రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచుతారు. రొయ్యల చెరువుల మధ్య పెరిగిన అమ్మ కారు అద్దం దించి ప్రతి మడినీ చూసింది. వీళ్ళకి ఏరేటర్లు లేవేంటని మా ఆయన్ని అడిగింది కూడా.

లాటెల్ దగ్గర రోడ్డు పక్కన ఆగాం. 1947లో తెరిచిన రిచర్డ్స్ క్లబ్ ఉండేది ఇక్కడే. చెక్క గోడలు, తక్కువ ఎత్తు కప్పు. జైడెకోలో పెద్ద పేరైన క్లిఫ్టన్ షెనీయే లాంటివాళ్ళు వాయించిన చోటు. జైడెకో క్రియోల్ జనం, అంటే ఇక్కడి ఫ్రెంచి మాట్లాడే నల్లజాతివాళ్ళ సంగీతం. ఛాతీకి తొడుక్కునే రేకు గరగరలాడించే వాయిద్యం దాని ప్రాణం. కేజన్, జైడెకో రెండు సంగీతాలకీ మూలం ఒకటే, హాళ్ళు మాత్రం ఒంటి రంగుని బట్టి విడివిడిగా ఉండేవి. అమెడె ఆర్డ్వాన్ అనే నల్లజాతి అకార్డియన్ వాద్యకారుడు 1929లోనే తెల్లవాడైన డెనిస్ మెక్‌గీతో కలిసి రికార్డులు చేశాడు. అంత గొప్పవాడు తెల్లవాళ్ళ డాన్సులో వాయిస్తుండగా, చెమట తుడుచుకోమని ఒక తెల్ల అమ్మాయి రుమాలు ఇచ్చిందని ఆ రాత్రే చావబాదారని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. 1942లో ఆసుపత్రిలో చనిపోయాడు. సమాధి మీద పేరైనా లేదు. ఓపలూసస్‌లో 2018లో పెట్టిన విగ్రహం ముందు నాకు కోపమే వచ్చింది. హాళ్ళు పోతున్నాయని బాధపడేటప్పుడు, ఆ తలుపులు ఎవరికి మూసి ఉండేవో కూడా గుర్తుంచుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం లాఫియెట్‌లోని వర్మిలియన్‌విల్‌లో డాన్సుంది. అక్కడ మా ఇద్దరికీ టూ-స్టెప్ నేర్పింది ఒక రిటైర్డు టీచరు. "పైనుంచి ఎగరొద్దు, నేలకి అంటుకుని నడవండి" అని మా ఆయన భుజాలు నొక్కి పట్టింది. జంటలన్నీ అపసవ్య దిశలో తిరుగుతాయి, మధ్యలో ఆగకూడదు. మూడో పాటకి మా కాళ్ళకి దారి దొరికింది.

కుర్రకారు లేరని అనుకోకండి. జైడెకోలో వాళ్ళే ఎక్కువ, కాకపోతే హాళ్ళలో కంటే ట్రయిల్ రైడ్లలో. వందల గుర్రాలు, వెనక ట్రాక్టరు బళ్ళు, సాయంత్రం మైదానంలోనే డాన్సు. మా హ్యూస్టన్‌లో కూడా లూసియానా నుంచి వలసొచ్చిన క్రియోల్ కుటుంబాలు 1920లలో ఫ్రెంచ్‌టౌన్ కట్టుకున్నాయి. క్యాథలిక్ చర్చి హాళ్ళలో జైడెకో డాన్సులు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ.

వెళ్ళాలనుకుంటే శుక్రవారం రాత్రికే యూనిస్ చేరి పడుకోండి. హ్యూస్టన్ నుంచి మూడున్నర గంటలు చాలు. వెళ్ళేముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి, ఈ హాళ్ళ వేళలు తరచూ మారుతుంటాయి. చిల్లర నోట్లు పెట్టుకోండి, బ్యాండు ముందున్న డబ్బాలో వేయడానికి. మందు తాగకపోతే కోక్ అయినా కొనండి, ఎందుకంటే కరెంటు బిల్లు కట్టేది ఆ బారు డబ్బే. ఎవరైనా వచ్చి చెయ్యి చాపి డాన్సుకి పిలిస్తే రాదని చెప్పకండి, నేర్పిస్తారు. ఫ్రెడ్స్‌లో అమ్మని పిలిచింది ఆ ఎనభై ఏళ్ళాయన భార్యే. అమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని రెండు పాటలు ఆడింది.