బడిలో అడుగుల బ్యాండ్లు: అనుమతి కోసం నేను పడ్డ పాట్లు

మండల విద్యాశాఖ ఆఫీసు నుంచి నిన్న సాయంత్రం "సరే, కానివ్వండి" అన్న మాట వచ్చింది. కాగితం మాత్రం ఇవ్వలేదు. నాలా ఇంకో మాస్టారు ఇబ్బంది పడకూడదని వెంటనే రాస్తున్నాను.

మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఐదో తరగతి పిల్లల చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండ్లు కట్టి, ఆ అంకెలతోనే తీసివేతలు, సగటు, కమ్మీ చిత్రాలు నేర్పాలనుకున్నాను. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో విక్టర్ లీ బృందం ఐదో తరగతి పిల్లలతో ఇలాంటి పనే చేసింది. ఆటవిడుపులో ఎంత కదిలారో పిల్లలే తెలుసుకుని లెక్కలు కట్టారు. మా పిల్లలు మాత్రం ఎందుకు చేయలేరు? పూర్వ విద్యార్థులకు ఫోన్ చేస్తే బ్యాండ్లు కొనిచ్చారు.

వాటికి యాప్ కావాలట, ఒక్కో పిల్లాడికీ ఖాతా, ఈమెయిల్, పుట్టిన తేదీ ఇవ్వాలట. 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. అసలు మా పిల్లల వివరాలు ఎవరికో అప్పగించడం నాకే ఇష్టం లేదు. ఆ బ్యాండ్లు వెనక్కిచ్చి, ఫోన్ అక్కర్లేని రకం తెచ్చాం. ఇంటర్వెల్ ముందు ఒక అంకె, తర్వాత ఒక అంకె నోట్సులో రాసి, రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే సరి. మీరూ యాప్ జోలికి పోకండి.

అసలు కష్టం చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే క్లస్టర్ సమావేశంలో వచ్చింది. పాతిక మంది టీచర్ల ముందు ఒక అధికారి నన్ను నిలబెట్టారు. "ఏం మాస్టారూ, వాచీల కంపెనీవాళ్లు కమిషన్ ఎంత ఇస్తున్నారు?" అన్నారు. వెనక ఎవరో నవ్వారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క రూపాయి ముట్టని మనిషిని. నోట మాట రాలేదు. అంతటితో ఆపలేదు. "పాఠాలు మానేసి పిల్లలు చేతులు ఊపుకుంటూ కూర్చుంటున్నారట కదా" అన్నారు. మర్నాడే సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, బ్యాండ్ల పని ఆగింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

చేతులు ఊపిన మాట నిజమే. ఒక పిల్లాడు బెంచీ కింద మణికట్టు టకటకా ఆడిస్తుంటే, కూర్చున్న చోటే అడుగులు పెరిగిపోయాయి. ఇంకో పిల్ల బిందెతో నీళ్లు మోసుకొచ్చింది. బోరింగు దగ్గర్నుంచి బడి దాకా నడిచినా బ్యాండులో అంకె పెద్దగా కదల్లేదు. "నేను నడిచాను సార్, ఇదే అబద్ధం చెబుతోంది" అని ఏడుపు మొహం పెట్టింది. చంకన బిందెను పట్టుకున్న చెయ్యి కదలదు, బ్యాండేమో చేతి ఊపునే లెక్కపెడుతుంది. సంగతేమిటో పిల్లలే తేల్చారు. ఆ పిల్ల కాలి మడమ పైన బ్యాండు కట్టి, బిందెతో వంద అడుగులు నడిపించి, అందరూ గట్టిగా లెక్కపెట్టారు. ఈసారి అంకె వంద దగ్గరికి వచ్చింది. పరికరం చెప్పిన అంకెను కూడా పరీక్షించాలని పదేళ్ల పిల్లలు నేర్చుకున్నారు. 2020 జాతీయ విద్యా విధానం అనుభవం ద్వారా నేర్పమంటోంది. నేర్పితే మెమోనా? ఆఫీసు అడిగిన బడి మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం ఫొటోలు ఏ పూటా ఆలస్యం కాకుండా పంపాను, వాటికి ఒక్కరోజూ మెచ్చుకోలేదు.

సంజాయిషీతో పాటు పిల్లల నోట్సులూ జతచేశాను. చదివారో లేదో తెలియదు. పని జరిగింది తల్లిదండ్రుల వల్లే. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది వాళ్లే ఉండాలి. కమిటీ తల్లులు కూలి మానుకుని ఆఫీసుకొచ్చారు. ఒకావిడ, "మా పిల్ల ఇంటికొచ్చి సగటు అంటే ఏంటో నాకు చెప్పింది సార్, మాస్టారిని ఏమనకండి" అంది. అధికారి తల ఎత్తకుండానే ఫైలు పక్కన పెట్టారు. ఆ తర్వాతే నిన్నటి "సరే" వచ్చింది.

అందుకే ముందు కమిటీ తీర్మానం చేయించి, మినిట్స్ పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఆ నకలు ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టించుకోకుండా గడప దాటకండి. ఎక్కువ అడుగులకు బహుమతి మాత్రం పెట్టొద్దు. ఆయాసం ఉన్న పిల్లలు, సరిగా నడవలేని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు.

సోమవారం మళ్లీ మొదలుపెడుతున్నాం. కబడ్డీలో ఎక్కువ అడుగులు పడతాయా, తాడాటలోనా అన్నది ఈసారి పిల్లలు అడిగిన ప్రశ్న.