పాలిమర్ యూనిట్ వదిలేద్దామనుకునే వాళ్లకి

రిజల్ట్స్ వచ్చాయి, సీటు ఖాయమైంది. చెప్పలేనంత సంతోషంగా ఉంది. కెమిస్ట్రీలో పాలిమర్స్ (మోనోమర్లనే చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడే పెద్ద అణువులు) ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆ ఒక్కదాని గురించే రాస్తున్నాను. మిగతా సబ్జెక్టులు అందరిలాగే చదివాను, పాత పేపర్లు చేశాను.

కంట్రోల్డ్ పాలిమరైజేషన్‌లో, అంటే గొలుసుల పెరుగుదలను అదుపులో ఉంచడంలో, మూడు పద్ధతులున్నాయి: ఏటీఆర్‌పీకి కాపర్, ఎన్ఎంపీకి టెంపో, రాఫ్ట్‌కి డైథయోఎస్టర్ అని అందరికీ నోటికి వస్తుంది. ప్రశ్న మాత్రం గ్రాఫ్ ఇచ్చి అడుగుతారు. నాకు ఇది అర్థమైంది రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన గీసుకున్న రోజునే. మొదటిది, తొలి మోనోమర్ గాఢతను మిగిలిన గాఢతతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను కాలంతో గీసింది. రెండోది, కన్వర్షన్‌తో (మోనోమర్‌లో ఎంత వాటా పాలిమర్‌గా మారిందో దానితో) సగటు అణుభారం. మొదటిది సరళరేఖ అయితే రాడికల్ (గొలుసు పెరిగే చురుకైన కొస) గాఢత మారడం లేదు. రెండోది సరళరేఖ అయితే గొలుసుల సంఖ్య మారడం లేదు. టర్మినేషన్ (రాడికల్స్ కలిసి గొలుసులు ఆగిపోవడం) ఎక్కువైతే మొదటి గీత వంగుతుంది, రెండోది దాదాపు తిన్నగానే ఉండొచ్చు. ట్రాన్స్‌ఫర్ (ఒక గొలుసు ఆగి, దాని బదులు కొత్తది మొదలవడం) ఎక్కువైతే మొదటిది చెక్కుచెదరదు, రెండోదే కిందికి వంగుతుంది. ఇది పట్టుబడ్డాక ఈ యూనిట్ అంటే టెన్షన్ పోయింది.

మెకానిజమ్ కూడా ఇక్కడి నుంచే వస్తుంది. టర్మినేషన్‌కి రెండు రాడికల్స్ కలవాలి, ప్రొపగేషన్‌కి (గొలుసు పెరగడానికి) ఒకటి చాలు. అందుకే ఏటీఆర్‌పీ, ఎన్ఎంపీలలో చాలా గొలుసులు నిద్రావస్థలో ఉంటాయి, ఏ క్షణాన చూసినా రాడికల్స్ కొద్దిగానే ఉంటాయి. రాఫ్ట్ కథ వేరు. అక్కడ రాడికల్స్ ఏఐబీఎన్ లాంటి ఇనిషియేటర్ (చర్యను మొదలుపెట్టే పదార్థం) నుంచి వస్తాయి, గొలుసులు ఏజెంట్ (పైన చెప్పిన డైథయోఎస్టర్) ద్వారా వంతులు మార్చుకుంటాయి. ఏజెంట్‌తో పోలిస్తే ఇనిషియేటర్ ఎంత తక్కువ పెడితే చచ్చిన గొలుసుల వాటా అంత తక్కువ. ఈ తేడా చూడకుండా మూడింటినీ ఒకే గాటన కట్టకండి.

అయానిక్ పాలిమరైజేషన్‌లో (రాడికల్ బదులు అయాన్‌తో గొలుసు పెరిగేది) 1956 నాటి ష్వార్జ్ అనే శాస్త్రవేత్త ప్రయోగం చదవండి. స్టైరీన్ అనే మోనోమర్ అయిపోయాక కూడా ఎర్ర రంగు పోలేదు, మళ్లీ మోనోమర్ పోస్తే గొలుసు మళ్లీ పెరిగింది. సోడియం నాఫ్తలీన్‌తో మొదలుపెడితే గొలుసు రెండు కొసలా పెరుగుతుంది, కాబట్టి లెక్కలో 2తో గుణించాలి. స్టైరీన్ 2 మోలార్, ఇనిషియేటర్ 0.01 మోలార్, మొత్తం కన్వర్షన్ అయితే డీపీ (గొలుసులోని మోనోమర్ల సంఖ్య) 400, ఒక్కో స్టైరీన్ 104 కాబట్టి అణుభారం దాదాపు 41,600. సగం విలువ కూడా ఆప్షన్లలో ఉంటుంది, జాగ్రత్త.

తక్కువ మార్కుల యూనిట్ కదా, వదిలెయ్ అన్నవాళ్లు ఉన్నారు. నేను వదల్లేదు, అది సరైన నిర్ణయమే అని ఇప్పటికీ అంటాను. కటాఫ్ దగ్గర నిలబెట్టేవి ఇలాంటి మార్కులే. మూడ్ వచ్చాక చదువుదాం అంటే ఎప్పటికీ రాదు. ఫోన్ పక్క గదిలో పెట్టి రోజూ అదే వేళకు కూర్చోండి.

రాఫ్ట్ లెక్కల్లో ఏజెంట్ సొంత బరువు కలపడం మరిచిపోకండి. స్టైరీన్ ఏజెంట్‌కి 100 రెట్లు, కన్వర్షన్ 50 శాతం అంటే డీపీ 50, అణుభారం 5,200. ఆ 5,200కి ఏజెంట్ బరువు కూడా కలిపాకే ఆప్షన్ల వైపు చూడండి.