ముళ్లు తప్పిన వాచీ: మూత తీసే ముందు

సరిగ్గా ఆరింటికి వాచీలో రెండు ముళ్లూ ఒకే గీతలా నిలబడాలి. పెద్దది పన్నెండు మీదుండి చిన్నది ఆరుకు అటో ఇటో ఉందంటే చిన్న ముల్లు జారినట్టే. అది నిమిషానికి అర డిగ్రీ నడుస్తుంది కాబట్టి 5 డిగ్రీలు జారితే పది నిమిషాల తేడా.

కానీ ఎక్కువమందిని విసిగించేది ఇది కాదు. సెకన్ల ముల్లు పన్నెండు మీదున్నప్పుడు నిమిషాల ముల్లు రెండు గీతల నడుమ ఉంటుంది. దీనికి మూత తీయక్కర్లేదు. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీ అయితే సెకన్ల ముల్లు పన్నెండుకు రాగానే కీ పూర్తిగా లాగండి, ఆగిపోతుంది. పెద్ద ముల్లును కావలసిన నిమిషం కంటే నాలుగైదు నిమిషాలు ముందుకు తిప్పి, వెనక్కి తెచ్చి గీత మీద నిలపండి. పళ్లచక్రాల మధ్య వదులు దీంతో ఒకవైపుకు సర్దుకుంటుంది. హెచ్ఎంటీ జనతాలో కీ లాగినా సెకన్ల ముల్లు ఆగదు. అక్కడ ఇంత కచ్చితత్వం ఆశించకూడదు. సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతుంటే కొన్ని వాచీల్లో అది సెల్లు అయిపోతోందన్న గుర్తు, ముల్లు తప్పు కాదు.

కీ ఇచ్చే వాచీలో సెకన్లు బాగానే నడుస్తూ, మిగతా రెండు ముళ్లూ ఒకదానికొకటి సరిపోతూనే వెనకబడుతుంటే లోపల నిమిషాల ముల్లును మోసే చిన్న గొట్టపు చక్రం, అంటే కెనన్ పినియన్, వదులైంది. ముళ్లు తీసి పెట్టి ప్రయోజనం లేదు. నెల్లూరైనా ఒంగోలైనా ట్రంకు రోడ్డు మీద అద్దాల పెట్టె ముందు కూర్చునే మేస్త్రీకి ఇవ్వడమే మేలు.

చిన్న ముల్లు ఒక్కటే జారితే అప్పుడు విప్పాలి. ముందు ఫ్యాను ఆపండి. మే నెలలో అది తపస్సే, కానీ సెకన్ల ముల్లు ఎగిరితే గదంతా ఊడ్చినా దొరకదు. వెనక మూత తీసి, కీ ఊడదీసేటప్పుడు దాని పక్కనున్న చిన్న మీటను మెల్లగా నొక్కండి, గట్టిగా నొక్కితే లోపలి లివర్లు చోటు తప్పుతాయి. కీ ఊడాక లోపలి యంత్రాన్ని బయటికి తీసి, డయలు మీద పల్చటి ప్లాస్టిక్ ముక్క పరిచి, ముళ్లు తీసే రెండు పనిముట్లతో ముళ్లను అటూ ఇటూ సమంగా లేపండి. తీసే వరస సెకన్లు, నిమిషాలు, గంటలు. పెట్టే వరస దీనికి తలకిందులు.

తేదీ ఉన్న వాచీలో కీ పెట్టి, తేదీ మారేదాకా తిప్పి ఆపండి. అప్పుడే గంటల ముల్లు పన్నెండు మీద పెట్టాలి. లేదంటే మధ్యాహ్నం మూడింటికి తేదీ మారే వాచీ చేతికొస్తుంది. నిమిషాల ముల్లునూ పన్నెండు మీదే నొక్కండి. కొత్త ముళ్లు కొనేవాళ్లు రంధ్రం కొలత చూసుకోవాలి: ఎన్‌హెచ్35 అనే వాచీ యంత్రానికి గంటలు, నిమిషాలు, సెకన్ల వరసలో 1.50, 0.90, 0.20 మిల్లీమీటర్లు. ఈటీఏ 2824 అనే మరో యంత్రానికి సెకన్లది 0.25. ఆ 0.05 తేడాకే ముల్లు నిలవదు. జారిన పాత ముల్లును ఊరికే నొక్కితే మళ్లీ జారుతుంది, దాని గొట్టం కాస్త బిగించాలి.

ఇప్పుడు పక్కనుంచి చూడండి. ముళ్ల మధ్య సందు కనిపించాలి. పన్నెండు గంటలూ తిప్పి, రెండూ కలిసే 1:05, 2:11, 3:16 దగ్గర ఆగి చూడండి. రాసుకుంటే వాచీ అక్కడే నిలిచిపోతుంది.

మూత వేసేముందు రబ్బరు వాషరుకు పల్చగా సిలికాన్ గ్రీజు పూయండి. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల మీద తిరిగే వాచీ అయితే పాత వాషరు మళ్లీ వాడొద్దు. ఉప్పు తేమ లోపలికి దిగితే ముందు తుప్పు పట్టేది కీ కడ్డీకే.