కైలాసగిరి మీద ఆ పాట

నిన్న సాయంత్రం కైలాసగిరిలో టైటానిక్ వ్యూ పాయింట్ దగ్గర ఒక కుర్రాడు వేణువు మీద 'మై హార్ట్ విల్ గో ఆన్' వాయించాడు. ఎదురుగా సముద్రం, కింద బీచ్ రోడ్డు. సెల్ఫీల కోసం వచ్చినవాళ్లు కూడా ఫోన్లు దించేసి విన్నారు. నాకైతే కళ్లు చెమర్చాయి.

1997లో వచ్చిన 'టైటానిక్' సినిమా పాట అది. అసలు చివర్లో పాట పెట్టడం దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కి ఇష్టం లేదట. సంగీత దర్శకుడు జేమ్స్ హోర్నర్ ఊరుకోలేదు. విల్ జెన్నింగ్స్‌తో రాయించి, సెలీన్ డియాన్‌తో డెమో పాడించి, ఆ తర్వాతే కామెరాన్‌కి వినిపించాడు. మనం వింటున్నది ఆ డెమోలో పాడిన గొంతే! ఆస్కార్, 4 గ్రామీలు తర్వాత సంగతి.

మొదట్లో ఆమె దాదాపు చెవిలో చెప్పినట్టు పాడుతుంది. చివరి చరణానికి వచ్చేసరికి ఒక్కసారిగా శ్రుతి పెరుగుతుంది, డ్రమ్స్ అందుకుంటాయి, గొంతు పూర్తిగా విప్పుతుంది. అప్పటిదాకా దాచుకున్న దుఃఖమంతా అక్కడే బయటపడుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చోట నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. అయినా వంట చేస్తూ ఆ ట్యూన్ తీస్తూ ఉంటుంది. మంచి బాణీ అంటే అదే కదా అనిపిస్తుంది నాకు.

ఈ రాత్రి వీలైతే ఫోన్ స్పీకర్‌లో కాకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదట్లో వచ్చే ఆ ఐరిష్ విజిల్‌ని (వేణువు లాంటి చిన్న వాద్యం) మాత్రం అస్సలు మిస్సవకండి.