అమ్మమ్మ చెప్పిన మొలక

అమెరికాలో పెరిగే పిల్లలకు తెలుగు రావాలంటే వాళ్ళకు తెలుగుతో పని పడాలి. ఆదివారం క్లాసులో అక్షరాలు దిద్దడం మంచిదే. కానీ మా పదేళ్ల అమ్మాయికి నోరు తిరిగింది బీర గింజల దగ్గరే.

మా అమ్మది కందుకూరు పక్కన పల్లె. పందిరి మీద ఒకటి రెండు కాయల్ని విత్తనానికి వదిలేసి, ఎండాక తెంపి వసారాలో వేలాడగడుతుంది. పోయినసారి వెళ్ళినప్పుడు పిల్ల ఒక కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. గలగలమంది. అమ్మ కొనన ఉన్న చిన్న మూతను గోటితో ఊడదీసి కాయ వంచగానే, గరుకైన నల్ల గింజలు దాని అరచేతిలోకి జలజలా రాలాయి.

బయల్దేరేటప్పుడు అమ్మ గుప్పెడు గింజలు మూటగట్టి సూట్‌కేసులో పెట్టబోయింది. "ఎయిర్‌పోర్టులో అడుగుతారు అమ్మమ్మా, అబద్ధం చెప్పకూడదు" అంది పిల్ల. అమ్మ మొహం చిన్నబోయింది. నేను పిల్ల వైపే మాట్లాడాను. సర్టిఫికెట్ లేని విత్తనాలు అమెరికాకు తేకూడదు, గింజతో పాటు తెగుళ్ళూ వస్తాయి. ప్రేమ పేరు చెప్పి పిల్లలచేత దొంగచాటు పని చేయించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మేముండేది చికాగో దగ్గర. మే సగం దాకా మంచు భయం, కాబట్టి ఏప్రిల్‌లో ఇంట్లోనే మొలకెత్తించాలి. ఇక్కడ కొన్న గింజల్నే రాత్రంతా నానేసి అమ్మకు ఫోన్ చేశాం.

"తడిగుడ్డలో చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టు తల్లీ, వడ్లు మొలకకు మండె కట్టినట్టు. గుడ్డ పిండితే నీళ్ళు కారకూడదు, కుళ్ళిపోతాయి."

"ఎంత వేడి ఉండాలి అమ్మమ్మా?"

"చెయ్యి పెడితే హాయిగా ఉండాల."

పిల్ల థర్మామీటర్ తెచ్చింది. ఇంట్లో 20 డిగ్రీలే. బీర, సొర, కాకర చురుగ్గా మొలవాలంటే 25 నుంచి 30 కావాలి. నారు ట్రేల కింద వేసే హీటింగ్ మ్యాట్ మీద పెడితే 27 వచ్చింది. చెయ్యి పెట్టి చూసి, "హాయిగానే ఉంది" అని ఫోన్‌లో చెప్పింది. కాకర గింజకు పెంకు మందం, కొన కొంచెం గిల్లి నానబెట్టమంది అమ్మ. గోళ్ళు కత్తిరించే కట్టర్‌తో ఆ పని నేను చేశాను.

తెల్లటి వేరు కొన కనబడగానే, వేరు కిందికి ఉండేలా పాత పేపరు చుట్టి చేసిన కప్పుల్లో అంగుళం లోతున పెట్టాం. ఈ తీగలకు వేరు కదిలితే పడదు, అందుకే కప్పుతో సహా నాటడం మేలు. నాటే ముందు ఓ వారం రోజూ కాసేపు బయట నీడన పెట్టి గాలికి అలవాటు చేయాలి.

బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఇక్కడ సాయంత్రం ఏడంటే అక్కడ తెల్లవారి ఐదున్నర, అమ్మ కళ్ళాపి చల్లే వేళ. పుప్పొడి అందక పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే పిల్ల తనే వీడియో కాల్ చేసి, నా సాయం లేకుండా అంతా తెలుగులో చెప్పుకుంది. మగ పువ్వు తెంపి ఆడ పువ్వు మీద ఎట్టా రాయాలో అమ్మ ముంగిట్లో నిలబడే చూపించింది. వచ్చే వేసవికి పొట్ల కూడా వేద్దామని ఇద్దరూ మాట్లాడేసుకున్నారు. పందిరి వేసే పని మాత్రం నాకు అప్పజెప్పారు.