శనక్కాయ పొట్టుతో జింక్-ఎయిర్ బ్యాటరీ: నా అనుభవం

ఐదు వేల సైకిళ్లు (వోల్టేజిని అన్నిసార్లు పైకీ కిందికీ మార్చడం) తిప్పాక ఏ క్యాటలిస్టైనా, అంటే రియాక్షన్‌ను వేగం చేసే ఏ పదార్థమైనా, కొంత నీరసించాలి. నాది ఇంకా చురుకైంది. హాఫ్ వేవ్ పొటెన్షియల్ (క్యాటలిస్టు చురుకుదనానికి కొలత, ఎంత ఎక్కువుంటే అంత మంచిది) 0.81 వోల్టుల నుంచి 0.84కి ఎక్కింది, ప్లాటినం 0.85 దగ్గర ఉంటుంది, నాదేమో మా అనంతపురం శనక్కాయ పొట్టు, ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కడినే కూర్చుని ఆ గ్రాఫ్‌ను ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు.

జింక్-ఎయిర్ బ్యాటరీలో జింకు చవక, గాలికి ఖర్చే లేదు. ఇబ్బందల్లా గాలిలోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుని హైడ్రాక్సైడ్‌గా మారే రియాక్షన్‌తోనే, అది మహా నెమ్మది, అందుకే ప్లాటినం వాడతారు. వినికిడి మిషన్లో వేసే బిళ్ల బ్యాటరీలు కూడా ఇవే (స్టిక్కర్ పీకగానే గాలి తగిలి పని మొదలుపెడతాయి), వాటికి కొంచెం కరెంటు చాలు కాబట్టి మాంగనీస్ ఆక్సైడ్‌తో సరిపోతుంది. నాకు అంతకంటే ఎక్కువ కావాలి. లోహం చుట్టూ నైట్రోజన్లు ఉంటే ఈ పని జరుగుతుందని 1964లో జాసిన్‌స్కీ అనే శాస్త్రవేత్త కోబాల్ట్ థాలోసైనిన్ (మధ్యలో కోబాల్ట్, చుట్టూ నైట్రోజన్లు ఉండే పదార్థం)తో చూపించాడు, నేను ఇనుము ఎంచుకున్నాను.

కార్బన్‌కు పొట్టు, ఇనుముకు ఫెర్రిక్ క్లోరైడ్, నైట్రోజన్‌కు మెలమైన్: పొట్టు కడిగి, ఎండబెట్టి, మిక్సీ పట్టి, ఆ రెండూ కలిపి గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్‌లో 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు. మొదటిసారి గ్యాస్ పైపు జాయింట్ దగ్గర లీకై, తీసి చూస్తే బూడిదే మిగిలింది. రెండోసారి నల్లటి పొడి వచ్చింది కానీ అయస్కాంతం పెడితే ఎగిరి అంటుకుంది, అంటే ఇనుము నైట్రోజన్ల మధ్య కూర్చోకుండా ముద్దలు కట్టిందన్నమాట. 80 డిగ్రీల దగ్గర పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో రాత్రంతా ఉంచి, కడిగి, మళ్లీ ఫర్నేస్‌లో పెట్టాక ఆ అంటుకోవడం పోయింది.

ఇక ఆ 0.84 సంగతి. మా సీనియర్ అక్క గ్రాఫ్ చూసి, "కౌంటర్ ఎలక్ట్రోడ్ ఏం పెట్టావురా?" అంది. అంటే పరీక్ష సెల్‌లో కరెంటు దారి పూర్తి చేసే రెండో ఎలక్ట్రోడ్. ప్లాటినం తీగ అన్నాను. "గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్లీ చెయ్" అని అంతకుమించి ఏమీ అనలేదు. సైకిళ్లు తిప్పుతున్నంతసేపూ ఆ తీగ రవ్వంత రవ్వంత కరిగి నా క్యాటలిస్టు మీద చేరుతోంది! ఐసీపీ-ఎంఎస్‌కు (రవ్వంత లోహాన్నైనా పట్టే పరీక్షకు) పంపితే నిజంగానే ప్లాటినం కనబడింది. గ్రాఫైట్‌తో చేస్తే 0.81 కాస్తా 0.80కి తగ్గింది. రెండు నెలల డేటా పక్కన పెట్టేశాను, చాలా బాధేసింది, కానీ ఈ 0.80 పూర్తిగా శనక్కాయ పొట్టుది, ఇనుముది. దయచేసి చవక క్యాటలిస్టుల మీద పనిచేసేవాళ్లు ప్లాటినం తీగను ఆ సెల్ దరిదాపులకు రానివ్వకండి.

తర్వాత అసలు బ్యాటరీ. 6 మోలార్ (గాఢమైన) పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, ఒకవైపు జింకు రేకు, ఇంకోవైపు కార్బన్ పేపర్ మీద నా పొడి. 1.42 వోల్టులు చూపించింది. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీయాంపియర్లు లాగితే 1.2 దగ్గర నిలబడింది. మర్నాటికి పడిపోయింది. క్యాటలిస్టు పోయిందనే టెన్షన్‌తో పొడిని గీకి తీసి బ్యాటరీ బయట, విడిగా డిస్క్ ఎలక్ట్రోడ్ మీద పరీక్షిస్తే అది బాగానే ఉంది. తేడా కార్బన్ పేపర్‌లో ఉంది, బయటివైపు తెల్లగా ఉప్పు పూసింది. ద్రావణం రంధ్రాల్లోకి చొరబడి గాలి దారి మూసేసింది, బయటికి ఊరింది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కార్బొనేట్ అయింది. అప్పుడు పేపర్‌కు గాలివైపు ముందుగా టెఫ్లాన్ పూసి, 350 డిగ్రీల దగ్గర కాల్చి, చల్లారాకే రెండోవైపు క్యాటలిస్టు స్ప్రే చేశాను (పొడి వేశాక కాలిస్తే ఆ వేడికి గాలిలో కార్బన్ దెబ్బతింటుంది).

ఈసారి జింకే ముందు అయిపోయింది. కొత్త రేకు, కొత్త ద్రావణం మార్చి అదే ఎయిర్ ఎలక్ట్రోడ్‌తో మళ్లీ నడిపించాను. ఇప్పుడు మూడో రేకు మీద నడుస్తోంది, పొద్దున చూసినప్పుడు 1.18 ఉంది. అమ్మకు ఫోన్ చేసి ఇంకో సంచి పొట్టు పంపమన్నాను.